రష్యావారి మంచీ మర్యాదా

సుమారు 550 ఏళ్ళ క్రితం వోల్గా నది ఒడ్డున త్వేర్ అనే ఊళ్ళో అఫనాసీ నికీతిన్ అనే వర్తకుడు ఉండేవాడు. ఆయన సముద్రాలు దాటి, వెంట ఒక గుర్రాన్ని కూడా ఓడ ఎక్కించుకుని, మన దేశం వచ్చాడు. గుర్రాన్ని నాలుగు డబ్బులకు అమ్ముకుందామని ఆయన ఆశ. ఆ బేరం కోసం బహమనీ సుల్తానుల బీదరు దాకా నడిచి వచ్చాడు. గుర్రం సంగతి ఎలా ఉన్నా, దారి పొడుగునా తాను చూసిన వింతలన్నీ కాగితం మీద పెట్టాడు. ఇక్కడి వాళ్ళు కుడిచేత్తోనే తింటారట, చెంచా అన్నది ఎరగరట. తాను ఎక్కడికి పోయినా జనం గుంపులు గట్టి వెంటబడి, తెల్లవాణ్ణి చూసి నోళ్ళు వెళ్ళబెట్టేవారట. పాపం, తిరుగుదారిలో స్వగ్రామం చేరకుండానే స్మొలెన్స్కు దగ్గర కన్నుమూశాడు. రాసిన కాగితాలు మాత్రం నిలిచాయి. 1957లో రష్యావాళ్ళూ మనవాళ్ళూ కలిసి ఆయన కథను ‘పరదేశి’ అనే పేరుతో సినిమా కూడా తీశారు.

ఎంతకాలమైనా బాకీ బాకీయే గదా! మన ఇంటికి వచ్చి మన చెంచాల లెక్క చూసిపోయినవారి ఇంటికి మనమూ ఒకసారి వెళ్ళి, వారి మంచీ చెడ్డా చూసి రావద్దూ? మా అక్కయ్య కూతురు సెంట్ పీటర్స్‌బర్గ్‌లో వైద్యం చదువుతున్న రోజుల్లో నాకు ఆ అవకాశం కలిగింది. కాలేజీ ఇచ్చిన సెలవులకు నేను పెట్టుకున్న సెలవు కలుపుకుని, 2018 డిసెంబరు ఆఖరున బయలుదేరి, నాలుగు వారాలపాటు ఆ పీటర్స్‌బర్గ్‌లోనూ, మధ్యలో నాలుగు రోజులు మాస్కోలోనూ తిరిగి వచ్చాను. నాలుగు వారాలు చూసి ఒక దేశాన్ని గురించి తీర్పులు చెప్పే సాహసం నాకు లేదు. పదకొండు రకాల గడియారాలు నడిచే దేశమది. ఒక కొసన ఉదయం కాఫీ వేళకు రెండో కొసన దీపాలు పెట్టి రాత్రి వంటకు లేస్తారు. మాస్కోలో ఎక్కిన రైలు వ్లదివస్తోక్ చేరడానికి 9,288 కిలోమీటర్లు, దాదాపు వారం రోజులు. అంచేత ఇవి ఒక మూలన కూర్చుని చూసిన ముచ్చట్లే సుమండీ!

పేర్ల చిక్కు

రష్యన్ నవలలు తెలుగులో చదివినవారికి నేను చెప్పబోయే చిక్కు తెలిసే ఉంటుంది. ఒకప్పుడు మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర వారి దుకాణాల్లో పల్లీల ఖరీదుకు దొరికేవి. ఉప్పల లక్ష్మణరావుగారు, రాళ్ళభండి వెంకటేశ్వరరావుగారు వంటివారు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలు అవి. ఆ పుస్తకాలు చదివేటప్పుడు మా ఇంట్లో పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకునేవాళ్ళం. ఎందుకంటే మొదటి పేజీలో రస్కోల్నికొవ్ అనేవాడు, ఐదో పేజీలో రొదియోన్ రొమానొవిచ్ అవుతాడు. వాళ్ళమ్మ ఉత్తరం రాసేసరికి రోద్యా అవుతాడు. ముగ్గురు మనుషులనుకుని మనం హత్య ఎవరు చేశారా అని తల బద్దలుకొట్టుకుంటాము. తీరా చూస్తే ముగ్గురూ ఒకడే!

ఇందులో మర్మమేమిటంటే, ప్రతి రష్యన్‌కూ మూడు పేర్లు ఉంటాయి. తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. తండ్రి ఇవాన్ అయితే కొడుకు ఇవానొవిచ్, కూతురు ఇవానొవ్న. మన ఊళ్ళో సుబ్బారావుగారబ్బాయి వెంకటేశ్వర్లు అక్కడ పుట్టి ఉంటే ‘వెంకటేశ్వర్లు సుబ్బారావొవిచ్’ అయ్యేవాడన్నమాట. ‘గారు’ అనే మాట వాళ్ళకు లేదు. ఆ లోటు తండ్రి పేరు తీరుస్తుంది. బడిలో పంతులుగారిని గాని, ఆసుపత్రిలో డాక్టరుగారిని గాని పేరూ తండ్రి పేరూ కలిపి పిలవడమే మర్యాద. ఇంటిపేరుకు కూడా ఆడ, మగ భేదం ఉంది. మొగుడు కెరనిన్, పెళ్ళాం కెరనీనా.

ఇక ముద్దుపేర్లకు అంతే లేదు. ఇవాన్ వాన్యా, మరియా మాషా, ఎకతెరీనా కాత్యా అవుతారు. సాషా అంటే అలెగ్జాండర్ అనే అబ్బాయైనా కావచ్చు, అలెగ్జాండ్రా అనే అమ్మాయైనా కావచ్చు. మన బుజ్జి, చిన్ని వంటివే ననుకోండి. మా మేనకోడలు అద్దెకున్న ఇంటి బామ్మగారు, నోరు తిరగని మా తెలుగు పేరును సగానికి కోసి, చివర ‘ఒచ్కా’ అని తోక తగిలించి పిలిచేది. కోపం వచ్చిన రోజున మాత్రం తోక ఊడిపోయి, పూర్తి పేరు కష్టపడి పలికేది. ఆ పిలుపు వినగానే మా అమ్మాయి గదిలో విప్పిపడేసిన మేజోళ్ళు వెతుక్కునేది.

మన ‘నువ్వు’, ‘మీరు’ వాళ్ళకీ ఉన్నాయి. ‘తీ’ అంటే నువ్వు, ‘వీ’ అంటే మీరు. ఇంగ్లీషువాడికి ఈ సుఖం లేదు. ఎంతటివాణ్ణయినా ఒక్కటే మాటతో సరిపెట్టుకుంటాడు. రష్యాలో కొత్తవారిని, పెద్దవారిని ‘వీ’ అనాలి. స్నేహం ముదిరాక ‘ఇక మనం తీ అనుకుందామా?’ అని అడిగి మరీ మారతారు. మనవాళ్ళు అడగకుండానే మారిపోతారు, తగువు వచ్చినప్పుడు!

మన మాటలకు మంచు పట్టింది

తెలుగు మేష్టర్ని గనక నా చెవి ఎప్పుడూ మాటల మీదే ఉంటుంది. అక్కడ రెండు ‘ద్వా’, మూడు ‘త్రీ’, నాలుగు ‘చెతీరె’. అన్న గాని తమ్ముడు గాని ‘బ్రాత్’, తల్లి ‘మాత్’. తలుపు ‘ద్వేర్’, తేనె ‘మ్యోద్’, నిప్పు ‘అగోన్’. కొత్తది ‘నోవీ’, చలికాలం ‘జిమా’. భ్రాత, మాత, ద్వారం, మధువు, అగ్ని, నవ, హిమ అన్న మాటలు వరసగా ఎదురై, దుప్పట్లు కప్పుకుని పలకరించినట్టుంది. సంస్కృతమూ రష్యనూ ఒకే మూలభాష సంతతి కావడమే దీనికి కారణం. నీళ్ళను ‘వోద’ అంటారు. అది మన ఉదకానికి చుట్టమే. ఆ వోదకే ముద్దుపేరు వోద్కా! ఉదకం అన్నారు కదా అని ఆచమనానికి కూర్చోరాదు.

ఇంతకంటే నన్ను ఆశ్చర్యపరచింది మరొకటి. ‘యా స్తుదేంత్’ అంటే ‘నేను విద్యార్థిని’. మధ్యలో మరో క్రియ లేదు, మన తెలుగులో లేనట్టే. చుట్టరికం సంస్కృతంతోనూ, వాక్యం మాత్రం తెలుగు లాగానూ ఉంది. నా క్లాసులో ఈ సంగతి చెబితే, వ్యాకరణమంటే నిద్రపోయే కుర్రాళ్ళు కూడా లేచి కూర్చున్నారు.

నవ్వితే అపాయం

దిగిన మొదటి రోజునే మా అమ్మాయి హెచ్చరించింది: “మామయ్యా, దారిన పోయేవాళ్ళను చూసి నవ్వకండి. మతి చలించిందనుకుంటారు.”

నిజమే. అక్కడ బస్సులో, దుకాణంలో, బ్యాంకులో ఎవరి ముఖానా నవ్వు లేదు. డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చే అమ్మాయి, మనం వాళ్ళ పొలం గట్టు దున్నేసుకున్నట్టు చూస్తుంది. కారణం లేని నవ్వు మూర్ఖుడి లక్షణమని వాళ్ళ సామెత. నవ్వు నాలుగందాల చేటని మనకూ ఉంది గాని, మనం దాన్ని పుస్తకంలో పెట్టాము. వాళ్ళు ముఖాన పెట్టుకున్నారు. పరిచయం లేనివాడికి నవ్వు చూపడం వాళ్ళ దృష్టిలో అబద్ధం చెప్పడంతో సమానం. అంచేత ఇంటికి పిలిచి, బల్లముందు కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చాక వాళ్ళు నవ్వారంటే, ఆ నవ్వుకు కల్తీ ఉండదు.

నవ్వకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. రష్యాలో ముసలమ్మలను ‘బాబుష్కా’లంటారు. లోకంలోని పిల్లలందరికీ తామే అమ్మమ్మలమని వాళ్ళ నమ్మకం. టోపీ లేకుండా చలిలో నడిచే కుర్రాడు కనబడితే, ఎవరబ్బాయో ఏమిటో అక్కర్లేదు, నడిరోడ్డు మీద నిలబెట్టి చీవాట్లు పెడతారు. మా అమ్మాయి స్నేహితుడొకడు విజయవాడ పిల్లవాడు. కోటు మెడ దగ్గర తగిలించుకునే చిన్న పట్టీ ఊడిపోయిన సంగతి చూసుకోలేదు. నాటకశాలలో బయటి కోట్లు అప్పగించి గాని లోపలికి వెళ్ళనివ్వరు. కోట్లు తీసుకునే ముసలమ్మ ఆ పట్టీ లేకపోవడం చూసి, వెనక వరుస అంతా వింటూండగా వాడి పెంపకాన్ని విమర్శించింది. చివరకు తన సంచీలోంచి సూదీ దారం తీసి, నాటకం అయ్యేలోపల కుట్టిపెట్టింది. వాడు ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మతో మాట్లాడాడట.

ఇంట్లో అడుగు పెట్టగానే చెప్పులు విప్పాలి. ఇది మనకు కొత్త కాదు. అయితే విప్పి ఊరుకుంటే చాలదు. అతిథుల కోసమని గుమ్మం దగ్గర వరసగా పెట్టిన మెత్తని ‘తాపొచ్కీ’లు తొడుక్కోవాలి. బయట నీళ్ళు గడ్డకట్టే చలి, లోపల రాజమండ్రి వేసవి! ఊరంతటికీ వేడినీళ్ళు గొట్టాల్లో పంపి ఇళ్ళను కాస్తారు. మరీ ఉక్క పెడితే కిటికీలో ఉన్న చిన్న కిటికీని తెరుస్తారు. బయట ధ్రువపు చలి, లోపల బనియను. మధ్యలో అరచేయంత కిటికీ.

డికాక్షను సోదరులు

రష్యావారు పుట్టు టీ భక్తులు. చిన్న కుండలో చిక్కగా టీ కషాయం దించి ఉంచుకుంటారు. కావలసినప్పుడు దాన్ని కప్పులో కొంచెం వంచి, పైన మరిగే నీళ్ళు పోస్తారు. చూడగానే నాకు మా అమ్మగారి కాఫీ ఫిల్టరు గుర్తొచ్చింది. డికాక్షను కనిపెట్టింది మనం ఒక్కళ్ళమే కాదన్నమాట! ఆ నీళ్ళు కాచే ఇత్తడి బొజ్జ దేవరే సమోవారు. మధ్య గొట్టంలో బొగ్గులు వేసి, చుట్టూ నీళ్ళు పోసి కాస్తారు. తూలా అనే ఊరు సమోవార్లకు పేరు. తూలాకు సొంత సమోవారు మోసుకుపోవద్దని సామెత కూడా ఉంది. మనం కాకినాడకు కాజాలు పట్టుకెళ్ళకూడదన్నట్టే. ఇప్పుడు చాలా ఇళ్ళలో కరెంటు కెటిలే ఉంది. సమోవారు అలమారు పైకెక్కి, మన ఇత్తడి బిందెలాగే, పండగ నాడు మాత్రం తళతళలాడుతుంది.

పాలు పోయరు. నిమ్మచెక్క వేస్తారు, పక్కన పళ్ళ పాకం పెడతారు. చెంచాతో పాకం నోట్లో వేసుకుని టీ గుటకేస్తారు. సోవియట్ రోజుల్లో ఏనుగు బొమ్మ ఉన్న ఇండియా టీ పొట్లం అంటే వాళ్ళకు అపురూపం. మా బామ్మగారు పాత పొట్లం ఒకటి బొత్తాలు దాచుకోవడానికి ఇంకా వాడుతూనే ఉంది. ఇండియా నుంచి వచ్చానంటే నాకు ముందుగా చూపించింది దాన్నే. ఆ ఏనుగు తొండం రంగు వెలిసింది గాని, నన్ను చుట్టాన్ని చేయడానికి సరిపోయింది.

శకునాలలో వియ్యంకులు

వ్యోమనౌకలు పంపిన దేశంలో శకునాలేమిటని అడగకండి. మనమూ పంపుతున్నాము గదా! ఖాళీ బొక్కెనతో ఆడమనిషి ఎదురైతే పని కాదు. నిండు బొక్కెనైతే శుభం. ఈ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. ఇది గుంటూరు జిల్లాలో కదా ఉండవలసింది! నల్లపిల్లి అక్కడా దారికి అడ్డమే. ఏదో మరచిపోయి ఇంటికి తిరిగి వస్తే అద్దంలో ముఖం చూసుకుని గాని మళ్ళీ బయలుదేరరాదు. గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడి చేతులు కలపరాదు. ఇంట్లో ఈల వేస్తే డబ్బు పోతుంది. పెళ్ళికాని పిల్ల బల్ల మూలన కూర్చుంటే ఏడేళ్ళదాకా పెళ్ళి కాదు. మా అక్కయ్య ఫోనులో ఈ సంగతి విని, “దాన్ని మధ్యలో కూర్చోమని చెప్పు” అని నన్ను ఆజ్ఞాపించింది.

పువ్వులు ఇస్తే బేసి సంఖ్యలో ఇవ్వాలి. సరిసంఖ్య చనిపోయినవారికి. మనం ఎంతో శుభమని ఇచ్చుకునే నూటపదహారు సరిసంఖ్యే అని నేను చెబితే, బామ్మగారు ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ‘తూ తూ’ అంది.

పరీక్షకు వెళ్ళే పిల్లలను ‘విజయోస్తు’ అనరు. ‘ఈకా దొరక్కుండు గాక, బొచ్చూ దొరక్కుండు గాక’ అని అంటారు. ఇది వేటగాళ్ళకు చెప్పే మాట. మంచి కోరితే దిష్టి తగులుతుందని తలకిందులుగా కోరడమన్నమాట. దానికి పిల్లలు వినయంగా, ‘దయ్యం దగ్గరికి పో!’ అని జవాబివ్వాలి. గురువును దయ్యం దగ్గరికి పొమ్మనడం శాస్త్రోక్తమైన చోటు అదొక్కటే కాబోలు. మాస్కో భూగర్భ రైలు స్టేషన్లలో ఒకదాంట్లో కంచు విగ్రహాలున్నాయి. అందులో కుక్క ముక్కు తడిమితే పరీక్ష పాసవుతారని నమ్మకం. ఆ ముక్కు బంగారంలా మెరుస్తోంది. పాసైనవారి లెక్క ఎవరూ చెప్పలేదు.

ఆ భూగర్భ రైలుదే మరో ముచ్చట. 1935లో మొదలైంది. స్టేషన్లు రాజభవనాల్లా ఉంటాయి. ఊరి మధ్యకు వెళ్ళే రైల్లో స్టేషన్ల పేర్లు మగ గొంతు చెబుతుంది. ఊరి బయటకు వెళ్ళేటప్పుడు ఆడ గొంతు చెబుతుంది. ఆఫీసుకు రమ్మనేది పైఅధికారి, ఇంటికి రమ్మనేది ఇల్లాలు అని గుర్తు పెట్టుకుంటారు. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇల్లాలి గొంతే వినబడే నాబోటివాళ్ళు దిక్కు తెలియక చక్రం లైనులో తిరుగుతూ ఉండవలసిందే.

రెండు కొత్త సంవత్సరాలు

పండగల్లో పెద్దది కొత్త సంవత్సరం. ఆ రాత్రి బల్ల మీద ‘ఒలివియే’ సలాడు లేకపోతే సంవత్సరం మారినట్టు కాదు. 19వ శతాబ్దంలో మాస్కోలో ఒలివియే అనే వంటవాడు దొరల కోసం పక్షిమాంసంతో చేసిన వంటకం అది. కాలం మారి, దొరలు పోయి, అందులోకి బంగాళదుంప, బఠాణీ, కేరట్టు, గుడ్డు, ఊరదోసకాయ వచ్చి చేరాయి. ఆ రోజుల్లోనే టెలివిజన్‌లో ప్రతి ఏటా ఒకే సినిమా. 1976 జనవరి 1న మొదటిసారి చూపినది. మాస్కో కుర్రాడొకడు స్నేహితులతో ఆవిరిస్నానానికి వెళ్ళి, తాగి, తెలివి లేకుండా విమానమెక్కి లెనిన్‌గ్రాద్‌లో దిగుతాడు. అక్కడా అదే పేరు వీధి, అదే రకం ఇల్లు, అదే తాళం! తన ఇల్లే అనుకుని పడుకుంటాడు. ఆ ఇంటి అమ్మాయి వస్తుంది. తరవాత కథ మీరు ఊహించగలరు. దేశమంతా ఒకే అచ్చున ఇళ్ళు కట్టిన ప్రభుత్వం మీద అంత మెత్తని చురక మరొకటి లేదు. మనం మాయాబజారు చూసినట్టు, ప్రతి మాటా ముందే పలుకుతూ చూస్తారు.

రష్యన్ చర్చి పాత పంచాంగమే పాటిస్తుంది గనక అక్కడ క్రిస్మస్ జనవరి 7న. 1918లో ప్రభుత్వం పంచాంగం మార్చినప్పుడు, జనవరి 31 రాత్రి పడుకున్నవాళ్ళు ఫిబ్రవరి 14న లేచారు. ఆ పోయిన పదమూడు రోజుల మీద మమకారం చావక, జనవరి 13 రాత్రి ‘పాత కొత్త సంవత్సరం’ అని ఇంకోసారి పండగ చేస్తారు. సరిగ్గా మన భోగి, సంక్రాంతి రోజులకు కలిసింది. పిల్లలు అద్దె ఇంట్లో బియ్యం పొంగించి పొంగలి వండారు. బామ్మగారు మిగిలిన ఒలివియే పట్టుకొచ్చింది. రెండూ ఒకే పళ్ళెంలో తినడం శాస్త్రంలో లేదు గాని, తిన్నాము.

ఆ తరవాత ఫిబ్రవరి, మార్చి రోజుల్లో వచ్చే అట్ల వారం నేను చూడలేదు. దాని పేరు ‘మాస్లెనిత్సా’. ఉపవాసాల ముందు వారం రోజులపాటు వెన్నతో అట్లు పోస్తారు. బుధవారం అల్లుడు అత్తవారింటికి అట్లు తినడానికి వెళ్ళాలి. శుక్రవారం అత్తగారు అల్లుడి ఇంటికి రావాలి. అల్లుడు పెట్టి, అత్తగారు తినే ఆ శుక్రవారం మన సంప్రదాయంలో లేకపోవడం అల్లుళ్ళ అదృష్టం! ఆదివారం గడ్డిబొమ్మను మంటలో వేసి చలికాలాన్ని సాగనంపుతారు. ఆ రోజే ఒకరినొకరు క్షమాపణ కోరుకుంటారు. ఫలానా తప్పు అని చెప్పనక్కరలేదు. ‘నన్ను క్షమించు’ అంటే ‘దేవుడు క్షమిస్తాడు’ అని జవాబు. ఈ ఒక్క ఆచారాన్ని మాత్రం దిగుమతి చేసుకుంటే బాగుండునని నాకు తోచింది.

రొట్టెముక్క

వేసవిలో సగం పట్టణం ఊరి బయట తోట ఇళ్ళకు తరలిపోతుంది. ‘దాచా’ అంటారు. సోవియట్ రోజుల్లో ఒక కుటుంబానికి మామూలుగా ఇచ్చిన స్థలం 600 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో దాదాపు 15 సెంట్లు. అందులో బంగాళదుంపలు, దోసకాయలు, సోపులాంటి ఆకు ఒకటి పండిస్తారు. వేసవి చివర అవన్నీ మూడు లీటర్ల సీసాల్లో ఊరగాయలవుతాయి. మా బామ్మగారి మంచం కింద ఆ సీసాలు సిపాయిల్లా బారులు తీరి ఉండేవి. మన ఆవకాయ జాడీల ముందు నిలబడినంత భక్తితో నిలబడ్డాను.

“అన్నీ దుకాణంలో దొరుకుతున్నాయి కదా, ఈ వయసులో ఇంత శ్రమ ఎందుకు?” అని మా అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ జవాబు చెప్పలేదు. అప్పటికి నేను ఒక సంగతి గమనించి ఉన్నాను. భోజనం కాగానే ఆవిడ బల్ల మీద రాలిన రొట్టె పొడిని అరచేతిలోకి ఊడ్చుకుని నోట్లో వేసుకునేది. ఎంత ఎండినా రొట్టెముక్క పారెయ్యదు. మొదట పిసినారితనమనిపిస్తుంది. జనవరి 27న ఆ సంగతి తెలిసింది.

1941 సెప్టెంబరు 8న జర్మన్ సైన్యాలు ఆ ఊరిని చుట్టుముట్టాయి. అప్పటికి ఊరి పేరు లెనిన్‌గ్రాద్. ముట్టడి 872 రోజులు సాగి, 1944 జనవరి 27న పూర్తిగా తొలగింది. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా, ఫ్యాక్టరీ పని లేనివాళ్ళకు, పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చారు. అందులోనూ పిండి ఒక్కటే కాదు, పొట్టూ చెక్కపొడీ వంటివి కలిపారు. ఆకలితో, చలితో లక్షల మంది పోయారు. పిస్కర్యోవ్ శ్మశానంలో ఒక్కచోటే దాదాపు ఐదు లక్షల మందిని పూడ్చారు. మేము వెళ్ళిన ఆ 2019 జనవరి 27 ముట్టడి తొలగిన 75వ ఏడు. సమాధుల మీద సరిసంఖ్యలో పువ్వులు, వాటి పక్కన నల్లరొట్టె ముక్కలు. బామ్మగారి తల్లి ఆ ముట్టడిలో బతికి బయటపడిన మనిషి. బామ్మగారు ఆ తరవాత పుట్టిన పిల్ల. కళ్ళతో చూడకపోయినా, ఆకలి ఆవిడకు తల్లి చేతిలోంచి వచ్చింది.

ఆ ఊళ్ళోనే వావిలోవ్ అనే శాస్త్రజ్ఞుడు లోకమంతా తిరిగి సేకరించిన విత్తనాల భాండాగారం ఉంది. ముట్టడి రోజుల్లో ఆయన సహచరులు ఆ విత్తనాలను ఎలుకల నుంచీ, చలి నుంచీ, తమ ఆకలి నుంచీ కూడా కాపాడారు. వరి విభాగం చూసే ద్మీత్రి ఇవానొవ్ చుట్టూ వేల పొట్లాల బియ్యం ఉండగా ఆకలితో చనిపోయాడు. వావిలోవ్ అప్పుడు అక్కడ లేడు. సొంత ప్రభుత్వమే ఆయన్ను చెరలో పెట్టింది. 1943 జనవరిలో సరాతొవ్ జైల్లో పోయాడు. అన్నం తినే జాతివాళ్ళం మనం. ఆ గింజలను మొలక కోసం వదిలి కన్నుమూసినవాడిని తలుచుకుని ఒక ముద్ద కళ్ళకద్దుకుంటే తప్పులేదు.

ఇంత ఎరిగిన జనం ఇంకొకరి ఊళ్ళ మీదికి ఎలా వెళ్ళారని మీరు అడగవచ్చు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద పడినప్పుడు నేనూ అదే అడిగాను. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు వేల మంది సరిహద్దులకు నడిచి ఇళ్ళు చేరారు. ఆ జూలైలో ఐక్యరాజ్యసమితి వారి యునెస్కో, ఉక్రెయిన్ వారి బీటుదుంపల బోర్ష్ వంటను అత్యవసరంగా కాపాడుకోవలసిన సంస్కృతుల జాబితాలో చేర్చింది. ఒక చారుకు ఆపద వచ్చిందంటే, దాన్ని కాచే తల్లులకు వచ్చిందనే అర్థం. పీటర్స్‌బర్గ్ బామ్మగారూ ఆదివారం అదే బోర్ష్ కాచేది. ఆ ఏడే చదువు ముగించుకున్న మా అమ్మాయి, యుద్ధం గురించి ఆవిడ ఏమంటుందని నేను అడిగితే, “ఏమీ అనదు మామయ్యా. రేడియో కట్టేసి, ఇంకో సీసా ఊరగాయ పెట్టింది” అంది. ఆ దేశంలో ఏమీ అనకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. ప్రభువుల లెక్కలు వేరు, వంటింటి లెక్కలు వేరు అని సరిపెట్టుకోవడం నాకు చేతకాలేదు. ఆ వంటింటి మీద కోపం తెచ్చుకోవడమూ చేతకాలేదు.

చివరగా ఒక ఆచారం చెప్పి సెలవు తీసుకుంటాను. ప్రయాణానికి సామాను సర్దుకున్నాక, బయలుదేరబోయే ముందు ఇంట్లో అందరూ, పోయేవారూ ఉండేవారూ కలిసి, ఒక్క నిమిషం కూర్చోవాలి. కుర్చీ లేకపోతే పెట్టె మీదైనా సరే. ఎవరూ మాట్లాడకూడదు. ఇల్లు కనిపెట్టుకుని ఉండే దేవత, అయ్యో వీళ్ళు వెళ్ళడం లేదు కాబోలనుకుని, వెంట పడకుండా ఊరుకుంటుందట. కొందరు మరోలా చెబుతారు. ఆ నిమిషంలో మరచిపోయిన వస్తువు గుర్తొస్తుందని. మా ఇంట్లో ఇప్పుడు అదే పద్ధతి. మా అమ్మాయి ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్ళేటప్పుడల్లా మా అక్కయ్య కూడా వంటింటి పని ఆపి వచ్చి కూర్చుంటుంది. రైలు టిక్కెట్టు, కళ్ళజోడు, ఊరగాయ సీసా, ఏదో ఒకటి ప్రతిసారీ గుర్తొస్తూనే ఉంది.